వాడిన ట్రావెల్ ట్రైలర్ అమ్మకం: కన్సైన్‌మెంట్‌లో కమిషన్ కంటే పెద్ద ప్రశ్న

2021లో అమెరికాలో ఆర్‌వీలు, అంటే విహారయాత్రలకు వాడే నివాస వాహనాలు, తయారుచేసే కర్మాగారాల నుంచి డీలర్లకు వెళ్లిన బండ్లు 6,00,240. అంతకుముందు ఏ ఏడాదీ ఆ సంఖ్య అంత పైకి పోలేదు. కొవిడ్ భయంతో విమానాలు, హోటళ్లు మానుకున్న కుటుంబాలు చక్రాల మీది ఇల్లు కొనుక్కుని జాతీయ ఉద్యానవనాల బాట పట్టాయి. బేరానికి చోటే లేని రోజులవి. మరుసటి ఏడాది ఆ సంఖ్య 4,93,268కి తగ్గింది. 2023లో 3,13,174కి పడిపోయి, 2024లో కాస్త తేరుకుని 3,33,733 దగ్గర ఆగింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాలే ఈ పరిశ్రమకు పుట్టిల్లు. తయారయ్యే బండ్లలో సింహభాగం సొంత ఇంజిన్ లేకుండా, పికప్ ట్రక్కుకో పెద్ద ఎస్‌యూవీకో తగిలించి లాగే ట్రైలర్లే.

ఆ ఉధృతిలో కొన్న ట్రైలర్లు ఇప్పుడు పాత బండ్లుగా బజారుకు వస్తున్నాయి. పిల్లలు పెద్దవాళ్లై ప్రయాణాలు తగ్గినవారు, నెలనెలా పార్కింగ్ అద్దె కట్టి విసిగినవారు, ఉద్యోగం మారి ఊరు వదిలేవారు వాటిని వదిలించుకోవాలనుకుంటున్నారు. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ప్రకటన ఇచ్చి సొంతంగా అమ్మాలా, లేక డీలరు దగ్గర కన్సైన్‌మెంట్‌కు పెట్టాలా? కన్సైన్‌మెంట్ అంటే బండి యజమానిదే. డీలరు దాన్ని తన ఆవరణలో నిలిపి, కొనేవారిని వెతికి, అమ్ముడైతే తన వాటా మినహాయించుకుని మిగతాది యజమానికి ఇస్తాడు.

ఈ రెండు దారుల్ని పోల్చేటప్పుడు చాలామంది ఒక పక్క కమిషన్‌ను, మరో పక్క శ్రమను పెట్టి తూస్తారు. పది శాతం పోతే పోయింది, తలనొప్పి తప్పుతుందని ఒకరు. ఆ పది శాతం మనకెందుకు మిగలకూడదని ఇంకొకరు. ఈ తూకంలో అన్నిటికంటే బరువైన విషయం బయటే ఉండిపోతోంది. ట్రైలరు, దాని యాజమాన్య పత్రం (టైటిల్), డబ్బు - ఈ మూడూ ఎవరి చేతుల మీదుగా, ఏ వరుసలో మారతాయన్నదే ఆ విషయం. సొంతంగా అమ్మేటప్పుడు ఎదుటివాడు ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారు కాబట్టి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. కన్సైన్‌మెంట్‌లో యజమాని నమ్మి అప్పగించేది డీలరుకు. పెద్ద బోర్డు, తళతళలాడే షోరూము, వరుసగా నిలిపిన వందల బండ్లు చూశాక అది కూడా ఒక రకమైన అప్పు ఇవ్వడమేనన్న స్పృహ కలగదు. నిజానికి ఇరవై వేల డాలర్ల ఆస్తిని హామీ లేకుండా ఒక వ్యాపారి చేతిలో పెట్టడమే అది.

డీలరుకు ఎక్కువ ధర ఎందుకు పలుకుతుంది

ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలు, అమ్ముడైన ధరలు కావు. ఆరు నెలలుగా కదలని ట్రైలరు పక్కనే వారంలో అమ్ముడైన ట్రైలరు ధర ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అమ్ముడైన ప్రకటన మాయమవుతుంది. అందుకే ప్రకటనల సగటు చూసి ధర వేసుకునేవారు దాదాపు ఎప్పుడూ ఎక్కువే అడుగుతారు. పూర్వం నాడా గైడ్ అని పిలిచిన, ఇప్పుడు జె.డి. పవర్ పేరుతో వచ్చే ధరల పట్టిక ఒక ఆధారం. కానీ అన్నిటికంటే నమ్మదగిన ఆధారం ఇద్దరు ముగ్గురు డీలర్లు నేరుగా కొనడానికి ఎంత ఇస్తారో అడిగి తెలుసుకోవడం. ఆ అంకె తక్కువగానే ఉంటుంది. శుభ్రం చేయించి, మరమ్మతు చేయించి, అమ్ముడయ్యేదాకా పెట్టుబడి మీద వడ్డీ కట్టి, పైన లాభం చూసుకోవాల్సినవాడు ఇచ్చే ధర అది. ఆ కింది అంకెకూ చివరి వినియోగదారు చెల్లించే పై అంకెకూ మధ్య ఉన్న తేడా కోసమే సొంత అమ్మకమైనా, కన్సైన్‌మెంటైనా.

అదే ట్రైలరుకు డీలరు ఆవరణలో కాస్త ఎక్కువ ధర పలకడానికి అసలు కారణం రుణం. డీలరు దగ్గర కొనేవారికి పది, పన్నెండు, పదిహేనేళ్ల వాయిదాల మీద అక్కడికక్కడే అప్పు దొరుకుతుంది. 20,000 డాలర్లను 9 శాతం వడ్డీకి పన్నెండేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు సుమారు 228 డాలర్లు. కొనేవారి కంటికి కనిపించేది ఆ 228. ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకానికీ కొన్ని క్రెడిట్ యూనియన్లు (సభ్యుల సహకార పరపతి సంఘాలు) అప్పు ఇస్తాయి కానీ కాగితాలు ఎక్కువ, బండి వయసు మీద షరతులూ ఎక్కువ. కాబట్టి సొంత ప్రకటన చూసి వచ్చేవారిలో చేతిలో నగదు ఉన్నవారే అధికం. వారు తక్కువమంది, బేరంలో గట్టివారు. పైగా కొనేవారి పాత బండిని డీలరు మార్పిడిలో తీసుకోగలడు. మామూలు యజమానికి ఆ వెసులుబాటు లేదు.

డీలరు ఆదాయం కమిషన్‌తో ఆగదు. కొనేవారికి అప్పు కుదిర్చినందుకు రుణసంస్థ నుంచి వాటా వస్తుంది. పొడిగించిన సర్వీసు ఒప్పందం అమ్మితే అందులో మరికొంత. యజమాని బండి డీలరుకు పైసా పెట్టుబడి లేని సరుకు. ఈ సంగతి తెలిసినవారు కమిషన్ శాతాన్ని రాసిపెట్టిన శాసనంలా తీసుకోనక్కరలేదు, అడిగితే తగ్గుతుంది. మంచి స్థితిలో ఉన్న, గిరాకీ ఉన్న నమూనా అయితే మరీను.

ఒక ఊహాత్మక లెక్క

2021లో 38,000 డాలర్లకు ఒక ట్రైలరు కొని, 34,000 అప్పు 6 శాతం వడ్డీకి పదిహేనేళ్ల గడువుతో తీసుకున్నారనుకుందాం. నెలవారీ వాయిదా 287 డాలర్లు. నాలుగేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా ఇంకా సుమారు 27,700 మిగిలే ఉంటుంది. ఈలోగా బజారు ధర 20,000కు దిగిందనుకుంటే, బండి అమ్మిన రోజున యజమాని జేబు నుంచే 7,700 కట్టాలి. ఇది ఎవరో మోసం చేయడం వల్ల వచ్చిన లోటు కాదు. అప్పు నెమ్మదిగా తరుగుతుంది, బండి విలువ వేగంగా తరుగుతుంది. రెంటికీ మధ్య ఏర్పడిన గుంట అది. గరిష్ఠ ధరల ఏడాదిలో కొన్నవారికి ఈ గుంట మరింత లోతు.

ఈ ట్రైలరునే మూడు దారుల్లో అమ్మితే? సొంతంగా 20,000కు అమ్మి, ప్రకటనకూ శుభ్రతకూ 300 ఖర్చు పెడితే మిగిలేది 19,700. డీలరు 21,500కు అమ్మి పది శాతం కమిషన్ 2,150, సిద్ధం చేసినందుకు 300 తీసుకుంటే చేతికి 19,050. నేరుగా డీలరుకే అమ్మేస్తే 15,000 అనుకుందాం. మొదటి రెండింటి మధ్య తేడా 650 డాలర్లే, అదీ రెండూ ఒకే కాలంలో అమ్ముడైతే. అప్పు మీద వడ్డీ ఒక్కటే నెలకు 138 డాలర్లు. దానికి పార్కింగ్ అద్దె, బీమా, నెలనెలా జారే విలువ కలిపితే రెండు మూడు నెలల ఆలస్యం ఆ తేడాను మింగేస్తుంది. ఎవరు ఎక్కువ ధర ఇప్పిస్తారన్న ప్రశ్న కంటే ఎవరు ముందుగా అమ్మగలరన్న ప్రశ్నకే ఇక్కడ విలువ ఎక్కువ.

మూడో దారిని మరీ చిన్నచూపు చూడనక్కరలేని సందర్భం ఒకటుంది. పాతది ఇచ్చి కొత్తది తీసుకునేవారికి చాలా రాష్ట్రాల్లో అమ్మకం పన్ను తేడా మొత్తం మీదే పడుతుంది. టెక్సాస్‌లో మోటారు వాహనాల అమ్మకం పన్ను 6.25 శాతం, 15,000 విలువైన పాత బండిని మార్పిడిలో ఇస్తే 937 డాలర్లకు పైగా పన్ను మిగులుతుంది. కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు, అక్కడ కొత్త బండి పూర్తి ధర మీద పన్ను కట్టాలి. ఒకే బండికి రెండు రాష్ట్రాల్లో రెండు వేర్వేరు జవాబులు సరైనవి కావచ్చు.

అప్పగించాక హక్కు ఎక్కడ ఉంటుంది

కన్సైన్‌మెంట్‌కు పెట్టేవారిలో చాలామంది నమ్మకం ఇది: డబ్బు అందేదాకా బండి నాదే కాబట్టి, డీలరు చెల్లించకపోతే బండిని వెనక్కు తెచ్చుకుంటాను. చట్టం అంత సులువుగా లేదు. వ్యాపార లావాదేవీలకు అమెరికా రాష్ట్రాలు అనుసరించే ఉమ్మడి నిబంధనావళి యూనిఫాం కమర్షియల్ కోడ్‌లో 2-403 సెక్షన్ ఈ సందర్భానికి అద్దినట్టు సరిపోతుంది. ఒక రకం సరుకుతో వ్యాపారం చేసే వ్యాపారికి ఆ రకం సరుకునే యజమాని అప్పగిస్తే, మామూలు వ్యాపార క్రమంలో మంచి నమ్మకంతో కొన్నవారికి యజమాని హక్కులన్నిటినీ బదిలీ చేసే శక్తి ఆ వ్యాపారికి వస్తుంది. ఈ సెక్షన్ ఉన్న రెండో ఆర్టికల్‌ను లూసియానా స్వీకరించలేదు. మిగతా రాష్ట్రాల్లో సూత్రం ఇదే. టైటిల్ కాగితం ఇంకా యజమాని దగ్గరే ఉన్నప్పుడు ఈ సూత్రం ఎంతవరకు పనిచేస్తుందన్న దాని మీద తీర్పులు అన్ని చోట్లా ఒకేలా లేవు. అయినా డీలరు డబ్బు ఎగవేస్తే, ఆ ట్రైలరును నిజాయతీగా కొనుక్కుని పిల్లలతో శిబిరానికి వెళ్లిన కుటుంబం నుంచి దాన్ని లాక్కోవడం సాధ్యపడకపోవచ్చు. అసలు యజమానికి మిగిలేది డీలరు మీద దావా మాత్రమే.

డీలరు మంచివాడా కాదా అన్నది ఇక్కడ సగం సంగతే. కొత్త బండ్లు చాలావరకు డీలరు అప్పు మీద తెచ్చుకుని నిలిపినవే. అమ్మకాలు మందగించి, వడ్డీ పెరిగినప్పుడు చేతిలోకి వచ్చిన డబ్బును ముందు ఎవరికి కట్టాలన్న ఒత్తిడి మొదలవుతుంది. గట్టిగా అడిగేది రుణసంస్థ, ఫోను చేసి మర్యాదగా అడిగేది ట్రైలరు యజమాని. ఈ వారం అమ్ముడైన బండి డబ్బుతో పోయిన నెల బండి యజమానికి కట్టే స్థితికి ఒక్కసారి దిగజారితే ఆ దుకాణం ఎక్కువ కాలం నిలవదు. మూతపడిన రోజు అప్పులవాళ్ల వరుసలో సామాన్య యజమాని చిట్టచివర ఉంటాడు.

బాండ్ ఉంది కదా అనేవారున్నారు. డీలరు లైసెన్సుకు చాలా రాష్ట్రాలు పూచీకత్తు బాండ్ అడుగుతాయి, అంటే డీలరు ఎగవేస్తే నష్టపోయినవారికి ఒక పరిమితి వరకు చెల్లించే హామీ. కాలిఫోర్నియాలో సాధారణంగా అది 50,000 డాలర్లు. ఒక్క యజమాని నష్టపోతే ఆ మొత్తం చాలు. కానీ దుకాణం మూతపడితే నష్టపోయేది ఒక్కరే కారు. 20,000 విలువ చేసే ట్రైలర్లు ఇరవై ఇరుక్కుంటే నష్టం నాలుగు లక్షలు. 50,000 అందరికీ పంచితే తలా రెండున్నర వేలు.

కాబట్టి ఒప్పందంలో శాతం గురించి వాదించే సమయంలో కనీసం సగమైనా డబ్బు దారి మీద పెట్టాలి. కొనేవారి డబ్బు డీలరు సాధారణ ఖాతాలోకి వెళ్తుందా, విడిగా ఉంచే ట్రస్టు ఖాతాలోకి వెళ్తుందా? అమ్మకం జరిగిన ఎన్ని రోజుల్లో యజమానికి చెల్లిస్తారు? అమ్మకం అంటే ఏ రోజు - కొనేవారు సంతకం పెట్టిన రోజా, రుణసంస్థ డబ్బు పంపిన రోజా? కొనేవారితో చేసుకున్న అమ్మకపు పత్రం నకలు యజమానికి ఇస్తారా? ఈ నాలుగింటికి రాతపూర్వకంగా జవాబివ్వని డీలరు దగ్గర బండి పెట్టకపోవడమే మేలు. జవాబు చెప్పడానికి నిజాయతీపరుడైన వ్యాపారికి ఇబ్బంది ఏమీ ఉండదు.

ఖాళీ టైటిల్ మీద సంతకం చేసి ఇవ్వమని డీలరు అడగడం మామూలే. పని త్వరగా జరుగుతుందని చెబుతారు. కొనేవారి పేరు, ధర, తేదీ లేని టైటిల్ మీద సంతకం పెడితే ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే వారిదే బండి అన్నంత పని అవుతుంది. అది చేయకూడదు. అమ్మకం ఖరారయ్యాక, డబ్బు వచ్చినట్టు తేలాక సంతకం చేయడానికి వస్తానని ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. దూరంగా ఉండేవారు ఒక్క లావాదేవీకి, ఒక కనీస ధరకు పరిమితమైన అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ఇవ్వవచ్చు.

వాటా లెక్కగట్టే పద్ధతులు రెండు. ఒకటి అమ్మిన ధర మీద శాతం. రెండోది యజమానికి ఇంత మొత్తం ఖాయం, పైన ఎంత వచ్చినా డీలరుదే అనే పద్ధతి. రెండోది వినడానికి హాయిగా ఉంటుంది. యజమాని 18,000 చాలన్నాడు, డీలరు 18,000 ఇచ్చాడు, ఇందులో తగువేముంది? తగువు ఏమిటంటే ఆ బండి 24,000కు పోయినా యజమానికి తెలియదు. మరో చిక్కూ ఉంది. 19,000 ఇస్తానన్న కొనుగోలుదారును డీలరు వెనక్కి పంపేయవచ్చు, ఎందుకంటే తనకు మిగిలేది వెయ్యే. యజమాని కోరిన మొత్తం మాత్రం ఆ బేరంలో పూర్తిగా వచ్చేది. శాతం పద్ధతిలో ఇద్దరి ప్రయోజనమూ ఒక వైపే లాగుతుంది. ఖాయం మొత్తం పద్ధతి తప్పనిసరైతే ఫలానా ధర దాటితే మిగులులో యజమానికీ వాటా అన్న షరతు పెట్టుకోవాలి.

ఇక బీమా. టెక్సాస్ వడగళ్ల వాన గురించి అక్కడ ఉండేవారికి చెప్పనక్కరలేదు. ట్రైలరు పైకప్పు, పక్క గోడలు ఒక్క సాయంత్రంలో గుల్లయిపోతాయి. డీలరు తీసుకునే పాలసీలు చాలావరకు డీలరు తప్పు వల్ల జరిగిన నష్టానికే వర్తిస్తాయి. వడగళ్లు ఎవరి తప్పూ కాదు. కాబట్టి డీలరు దగ్గర ఉన్నన్నాళ్లూ సొంత పాలసీని రద్దు చేయకూడదు, బండి ఎక్కడ ఉన్నదో బీమా సంస్థకు రాతలో తెలియజేయాలి. అప్పు ఉన్న బండి అయితే బ్యాంకు కూడా బీమా ఆగనివ్వదు.

మిగతా షరతులు చిన్నవిగా కనిపించి చివర్లో పెద్దవవుతాయి: గడువు అరవై రోజులా తొంభై రోజులా, గడువులోగా సొంతంగా కొనేవారు దొరికితే కమిషన్ కట్టాలా, బండిని వెనక్కు తీసుకెళ్తే రుసుము ఎంత, యజమాని అనుమతి లేకుండా ధర తగ్గించవచ్చా, మరమ్మతులు ఎవరి ఖర్చు, ఎంత దాటితే ముందు అడగాలి. అమ్ముడుకాని బండి మీద వెయ్యి డాలర్ల మరమ్మతు బిల్లు వేసి, అది కట్టేదాకా బండి ఇవ్వమనే పరిస్థితి రాకుండా ఈ చివరి షరతు కాపాడుతుంది.

సొంతంగా అమ్మేవారి పని

ట్రైలరు విలువను చంపేది కిలోమీటర్లు కాదు, నీరు. ఇంజిన్ లేదు, ఓడోమీటరు లేదు. పైకప్పు మీద రబ్బరు పొర, దాని అంచుల్లో, గాలి గొట్టాల చుట్టూ పూసిన సీలెంటు - అది పగిలితే నీరు గోడలోకి దిగుతుంది. పలుచని ప్లైవుడ్ మీద ఫైబర్‌గ్లాస్ అంటించిన గోడలు తడిసి ఉబ్బుతాయి, బయటి నుంచి బుడగల్లా కనిపిస్తాయి. అనుభవమున్న కొనుగోలుదారు వచ్చీ రాగానే మూలల్లో నేల నొక్కి చూస్తాడు, తేమ కొలిచే పరికరం గోడకు ఆనిస్తాడు. అందుకని అమ్మకానికి ముందు వంద డాలర్ల సీలెంటు పని చేయించడం వేల డాలర్ల బేరాన్ని నిలుపుతుంది. అప్పటికే నీరు దిగి ఉంటే మాత్రం మరక మీద కొత్త కాగితం అంటించి దాచడం తగదు. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నానని రాసుకోవడం మామూలు యజమానికి మంచి రక్షణే. వ్యాపారి కానివారి మీద నాణ్యతకు సంబంధించిన పరోక్ష హామీ భారం సాధారణంగా పడదు. కానీ తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెడితే ఏ రాతా కాపాడదు. అన్నిటికీ మించి, ఆ బండిలో నిద్రపోయేది ఒక కుటుంబం. గ్యాస్ లీకైనా, చక్రం పేలినా ప్రాణాల మీదికి వస్తుంది.

టైర్ల విషయంలో చాలామంది పొరబడతారు. చాళ్లు లోతుగా ఉన్నాయి, కొత్తగానే ఉన్నాయి అంటారు. ట్రైలరు టైర్లు అరిగేలోపే ముసలివవుతాయి. టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య చివర నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారంలో తయారైంది. ఐదారేళ్లు దాటిన టైర్లు చూస్తే తెలిసినవారు ధరలో నాలుగు కొత్త టైర్ల ఖరీదు తగ్గించే మాట్లాడతారు.

మంచి ప్రకటనలో ఫొటోలకు తోడు బరువులు ఉండాలి. ఖాళీ బరువు, నిండుగా గరిష్ఠ బరువు, ముందు కొక్కెం మీద పడే బరువు - సాధారణంగా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. ఐదు వేల పౌండ్లు లాగగల ఎస్‌యూవీ ఉన్నవారు ఏడున్నర వేల పౌండ్ల ట్రైలరు చూడడానికి రెండు గంటలు ప్రయాణించి రావడం ఇద్దరికీ దండగ. బరువులు, పదిహేడు అక్షరాల వాహన సంఖ్య ఉన్న స్టిక్కరు ఫొటో సిద్ధంగా పెట్టుకుంటే అలాంటి సగం ఫోన్లు తప్పుతాయి. బండి నిజంగా కొనదలచినవారు ధ్రువీకరణ ఉన్న ఆర్‌వీ తనిఖీదారును తమ ఖర్చుతో తెచ్చుకుంటానంటే సంతోషంగా ఒప్పుకోవాలి. అలాంటివారే చివరికి కొంటారు.

డబ్బు దగ్గర ఒక్క నియమం చాలు: కొనేవారి బ్యాంకులో, కౌంటరు ముందు, ఇద్దరూ ఉండగా. బ్యాంకే తన పేరిట జారీ చేసే క్యాషియర్ చెక్కు చేతికి వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. అలాంటి చెక్కు వేసిన మరుసటి పనిదినానికే డబ్బు వాడుకోనివ్వాలన్నది బ్యాంకులకు సాధారణ నియమం, కానీ చెక్కు నకిలీదని వారాల తర్వాత తేలినా ఆ మొత్తాన్ని ఖాతా నుంచి తిరిగి లాగేసుకుంటారు. ఖాతాలో కనిపించడం వేరు, చెల్లడం వేరు. ధర కంటే ఎక్కువకు చెక్కు పంపి, మిగిలింది రవాణా మనిషికి పంపమనే మోసం ఈ సందులోంచే నడుస్తుంది. బండి చూడకుండానే బేరమాడకుండా కొంటాననేవారు, ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పమనేవారు, తెలియని సైటులో వాహన చరిత్ర నివేదిక కొనమనేవారు - వీరితో మాట కలపకుండా ఫోను పెట్టేయడమే.

నగదు తీసుకుంటే ఇంకో సంగతి గుర్తుండాలి. 10,000 డాలర్లకు మించి నగదు జమ చేస్తే బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపుతుంది. అది మామూలు కాగితం పని, తప్పు చేసినట్టు కాదు. ఆ నివేదిక తప్పించుకోవడానికి మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా జమ చేయడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, డబ్బు పూర్తిగా న్యాయమైనదే అయినా సరే. వీసా మీద ఉన్నవారికి ఈ ఒక్క పొరపాటు ట్రైలరు ఖరీదు కంటే ఎక్కువ నష్టం తెచ్చిపెట్టగలదు.

అప్పు ఉన్న బండి, గడువు ఉన్న కుటుంబం

బ్యాంకు అప్పు తీరని బండికి టైటిల్ మీద బ్యాంకు పేరు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అది కాగితం రూపంలో కాకుండా ఎలక్ట్రానిక్‌గా బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. అప్పు తీర్చాక టైటిల్ విడుదలై చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. ఈ మధ్యకాలమే సొంత అమ్మకాల్లో అన్నిటికంటే ఇబ్బందికరమైనది. కొనేవారు పూర్తి డబ్బు ఇచ్చి కాగితం లేకుండా ఇంటికి వెళ్లాలి. అందుకు మార్గం ఫలానా తేదీ వరకు చెల్లే బాకీ లేఖను బ్యాంకు నుంచి ముందే తెచ్చుకుని, కొనేవారి డబ్బులో ఆ మేరకు నేరుగా బ్యాంకుకే పంపించడం. ధర కంటే బాకీ ఎక్కువైతే ఆ తేడా యజమాని అదే రోజు కట్టాలి, లేకపోతే టైటిల్ విడుదల కాదు. కన్సైన్‌మెంట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది, ఒక అదనపు జాగ్రత్తతో: బాకీ తీర్చే బాధ్యత డీలరుకు వదిలేసినా, బ్యాంకుకు సమాధానం చెప్పాల్సింది రుణం తీసుకున్నవారే. డీలరు బ్యాంకుకు పంపకపోతే బండి వెళ్లిపోతుంది, వాయిదా ఉండిపోతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ సమస్య ఒక ప్రత్యేక రూపం తీసుకుంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవారి ఉద్యోగం పోతే ఉద్యోగమిచ్చే కొత్త సంస్థను వెతుక్కోవడానికి లేదా దేశం వదలడానికి ఉన్న వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. తొంభై రోజుల కన్సైన్‌మెంట్ ఒప్పందం ఆ గడువులో ఇమడదు. హైదరాబాద్ చేరాక అమ్ముడైతే టైటిల్ మీద సంతకం కోసం కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని, ఒక్కో ముద్రకు 50 డాలర్లు కట్టి నోటరీ చేయించి, కాగితాలు తిరిగి కొరియర్‌లో పంపాలి. ఇలాంటివారికి అత్యధిక ధర వెంట పడడం సరైన నిర్ణయం కాదు. మొదటి మూడు వారాలు సొంత ప్రకటన, బజారు కంటే కొద్దిగా తక్కువ ధరతో. అప్పటికీ కాకపోతే నేరుగా డీలరుకు అమ్మేసి, బ్యాంకు బాకీ తీరినట్టు రాతపూర్వకంగా తీసుకుని విమానం ఎక్కడమే మంచిది. కన్సైన్‌మెంట్ తప్పదనుకుంటే, వెళ్లకముందే నమ్మకమైన స్నేహితుడి పేరిట పరిమిత అధికారపత్రం నోటరీ చేయించి, రాష్ట్ర వాహన శాఖ ఆ పత్రాన్ని ఏ రూపంలో ఒప్పుకుంటుందో కనుక్కుని ఉంచాలి.

తొందర లేనివారికి కాలం సహాయపడుతుంది. ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం ముగుస్తున్నప్పుడు, వసంతం మొదట్లో గిరాకీ పెరుగుతుంది. శరదృతువులో అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, ధర మెత్తబడుతుంది. అరిజోనా, ఫ్లోరిడాల్లో చలి తప్పించుకోవడానికి దిగివచ్చే పెద్దవయసు వారి వల్ల శీతకాలంలోనూ కొనేవారుంటారు. అక్టోబరులో కన్సైన్‌మెంట్‌కు పెట్టి మార్చి దాకా వడ్డీ, బీమా కడుతూ కూర్చోవడం కంటే ఫిబ్రవరిలో పెట్టడం నయం.

అమ్మకం జరిగిన రోజుతో యజమాని బాధ్యత దానంతట అది తీరిపోదు. కొనేవారు టైటిల్ మార్పించుకోకుండా తిరిగితే టోలు బిల్లులు, పార్కింగ్ జరిమానాలు పాత చిరునామాకే వస్తాయి. కాలిఫోర్నియాలో అమ్మిన ఐదు రోజుల్లోగా బదిలీ నోటీసును వాహన శాఖకు పంపాలి. టెక్సాస్‌లో ఆ గడువు ముప్పై రోజులు. నోటీసు అందినట్టు రసీదు వచ్చి, బ్యాంకు బాకీ సున్నా అని లేఖ వచ్చాకే బీమా రద్దు చేయాలి. అమ్మకపు పత్రం, కొనేవారి గుర్తింపు కార్డు ఫొటో, ఆ రసీదు, ఆ లేఖ అన్నీ ఒకే కవరులో కొన్నేళ్లు దాచుకోవాలి.